కొబ్బరి పీచు

అలెప్పీలో ఆదివారం పొద్దున. వంటింటి వెనక అరుగు మీద కూతురి తలకు కాచిన నూనె పెట్టబోయిన తల్లి చేయి ఆగిపోయింది.

"రింగుల జుట్టు సాపు చేయించుకుని మురిసిపోయావు సరే, మాడంతా ఈ పుండ్లేంటే?"

"పార్లర్‌లో పూసిన మందు మండింది."

"మండితే లేచి రావద్దూ?"

"ఇంకాసేపు ఓర్చుకోమన్నారు. ఓర్చుకున్నా."

"రింగుల జుట్టు వద్దన్నారా ఆ పెళ్ళిచూపులవాళ్ళు? ఫోన్ ఇలా ఇవ్వు, వాళ్ళను కడిగేస్తాను."

"వాళ్ళేమీ అనలేదు. నువ్వే అన్నావు."

"నేనా?"

"ప్రతి ఆదివారం, ఈ అరుగు మీదే. దువ్వెన చిక్కుకుంటే చాలు, ఇది జుట్టు కాదు కొబ్బరి పీచు, మా తాళ్ళ షెడ్డుకు తీసుకెళ్తే తాడు పేనొచ్చు అంటూ నెత్తిన మొట్టేదానివి. పక్కింటి లతిక జుట్టు మాత్రం నీకు పట్టుకుచ్చు."

"ఏదో నవ్వులాటకు అన్నానే."

"నేనెప్పుడైనా నవ్వానా?"

తల్లి నూనె గిన్నె పక్కన పెట్టింది. పెరట్లో మందారాకు కోసి నలిపి, ఆ జిగురును వేలితో తీసి, పుండు మీద మెల్లగా అద్దింది.

"మండితే చెప్పు. ఆపేస్తాను."

"అప్పుడూ చెప్పేదాన్నమ్మా. నువ్వు ఆపేదానివి కాదు."