లేచిన చెయ్యి

శుక్రవారం ఆమె ఆఫీసుకి సెలవు. బీరువాలో పాప బట్టలు సర్దుతుంటే, మధ్యాహ్నమే ఇల్లు చేరిన భర్త బూట్లైనా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

“మీ ఏజెన్సీ మా కంపెనీ ప్రకటనలు చెయ్యనందట. నీకు తెలుసా?”

“తెలుసు, నిన్ననే తేలింది.”

“పిల్లలు తాగే కూల్ డ్రింకేగా, విషం అమ్ముతున్నామా? మా ఆవిడ ఆఫీసే, నేను చూసుకుంటానని బాసుకి మాటిచ్చాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“నన్నడగకుండా ఎందుకిచ్చారు?”

“వారానికి నాలుగు రోజులు పనిచేసేవాళ్ళకి నీతులెక్కువ. తీరిక మరి!”

“అవును, ఐదోరోజు మీ చొక్కాలు ఇస్త్రీ చేసే తీరిక.”

“ఎగతాళి ఆపు. మీలో ఒక్కరు వద్దన్నా ఆ పని తీసుకోరటగా. పదకొండు మందిలో వద్దని ఒక్క చెయ్యే లేచిందట. మన కడుపు మీద కొట్టిన ఆ మహానుభావుడెవరు?”

ఆమె మడతపెట్టిన గౌనునే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

“ఆరేళ్ళుగా మీ కంపెనీలో నెలకో డ్రింకుల పెట్టె ఊరికే ఇస్తున్నారు మీకు. మన పాపకి ఒక్క సీసా తెచ్చారా?”

“కింద వాచ్‌మన్‌కి ఇచ్చేస్తున్నాగా.”

“వాచ్‌మన్‌కీ పిల్లలున్నారండీ.”

బూటు విప్పడానికి వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

“ఆ చెయ్యి నీదేనా?”

“నాదే.”

“సోమవారం బాసు అడిగితే ఏం చెప్పను?”

“మా ఆవిడే వద్దందని చెప్పండి.”

“నా ఉద్యోగం పోతుందే!”

“తెలుసండీ. అందుకే చెయ్యి అంత ఆలస్యంగా లేచింది.”