ఊటలో రంగు

గుహ గుమ్మం పక్కన రేకుల గది. బయట వాన తెరిపివ్వడం లేదు. లోపల చాలా లోతున, వరద నీళ్ళు దారి మూసేసిన చోట తండ్రి. పరిశోధనల కోసం ఆయనే స్వయంగా వేసుకున్న ఫోను తీగకి ఈ కొసన కూతురు.

"నవ్వకు నాన్నా. నవ్వే సమయమా ఇది?"

"నవ్వక ఏం చెయ్యమంటావే? గుహలు గబ్బిలాలకి గానీ మనుషులకెందుకని పొద్దస్తమానం దెప్పేదానివి. ఇవాళ గుమ్మంలో నువ్వే కాపలా."

"నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?"

"గట్టెక్కి కూర్చున్నాలే. పాదాలకి తగులుతున్నాయి, అంతే."

"ఇందాక కూడా పాదాలే అన్నావు."

"నా పాదాలు పెద్దవి. మీ అమ్మనడుగు, ఏ కొట్టుకెళ్ళినా నాకు చెప్పులు దొరికేవి కాదు."

"నాన్నా, నిజం చెప్పు."

"నడుందాకా. సరేనా? ఇక నేనడిగింది చెప్పు. ఊట దగ్గరికి వెళ్ళావా?"

"బిస్కెట్లు తడిసిపోలేదు కదా? ఏమైనా తిన్నావా?"

"బుజ్జీ!"

"వెళ్ళాను."

"వెళితే?"

"అక్కడంతా బురద నాన్నా. జారి పడబోయాను. ఎవరో చెయ్యి పట్టుకున్నారు గానీ, లేకపోతే..."

"నీ బురద సంగతి తర్వాత. ఇంకోసారి చెప్తా, జాగ్రత్తగా విను. ఇక్కడి నీళ్ళలో నేను పచ్చరంగు పొడి కలిపాను. అది కింద ఊటలో తేలిందంటే, ఇక్కణ్ణించి అక్కడిదాకా ఒకటే ధార. అంటే దారి మొత్తం కప్పుదాకా మునిగిపోయినట్టే. మధ్యలో ఉన్న ఇరుకు సందులో వీపున ఉన్న గాలి సిలిండరు విప్పితే గానీ మనిషి పట్టడు. అక్కడ గాలి లేకపోతే వచ్చినవాడు అక్కడే ఉండిపోతాడు. అప్పుడు మీ బాబాయిని పంపకు. ఎవర్నీ పంపకు."

"రంగు తేలకపోతే?"

"నీళ్ళు ఇంకెటో పోతున్నట్టు. సందులో గాలి ఉంటుంది, వాడు రావచ్చు. కానీ తేలుతుందే! నీ పుట్టుకకి ముందునుంచీ మొత్తుకుంటున్నాను, ఈ గుహ నీళ్ళే ఊళ్ళో ఊటై పుడుతున్నాయని. గుహల్లో చదువుకోవాల్సింది ఏదైనా ఉందని అప్పట్లో అన్నవాడు లేడు. నిండు సభలో చెప్తే, 'చీకట్లో మీకేం కనపడిందో మాకెలా తెలుస్తుంది గబ్బిలం మాస్టారూ' అన్నారు. కళ్ళులేని చేపని తెచ్చి చూపిస్తే, నేనే కళ్ళు పీకేశానన్నారు!"

"ఆ చేప నాకు తెలీదా? మన అన్నాల బల్లమీదే ఉండేది దాని సీసా. నా పుట్టినరోజుకి కూడా ఆ చేపే ఉంది, నువ్వు లేవు."

"నేను లోపలున్నాను. ఆరోజు కనిపెట్టిన గదికి నీ పేరే పెట్టాను గదే. ఇప్పుడు కూర్చుంది అందులోనే."

"గది నాకెందుకు నాన్నా? నువ్వు కావాలి గానీ."

"చెప్పు బుజ్జీ. రంగు తేలిందా?"

"రాలేదు."

"ఏమన్నావు?"

"రాలేదు నాన్నా. ఉత్త మట్టినీళ్ళు."

"వానకి పలచబడి ఉంటుంది. గాజుగ్లాసులో పట్టి వెలుతురుకి పెట్టి చూశావా?"

"చూశాను."

"లేశమైనా? పచ్చటి మెరుపు లాంటిది?"

"లేదు. ఏమీ లేదు."

"అయితే వాళ్ళు నవ్వింది సబబేనన్నమాట. నా జీవితమంతా... పోనీలే."

"అలా అనకు."

"నువ్వెందుకే ఏడుస్తావు? మంచి కబురే చెప్పావు కదా. వాణ్ణి రమ్మను. చలి వేస్తోంది బుజ్జీ, త్వరగా రమ్మను."

ఆమె ఫోను పెట్టేసింది. గుమ్మంలో బాబాయి, తండ్రికి స్వయానా తమ్ముడు, వీపుకి సిలిండరు బిగించుకుంటున్నాడు.

"ఏమన్నాడు అన్నయ్య?"

"రమ్మన్నారు."

"రంగు రాలేదని చెప్పావా?"

"చెప్పాను."

"నమ్మాడా?"

"నమ్మడమేంటి బాబాయ్?"

"ఊరికే అడిగాన్లే. ఈ తాడు పట్టుకో. కుదుపు తగిలితే లాగమని బయటున్న మన ఊరివాళ్ళకి చెప్పు."

"ఆ ఇరుకు సందు..."

"సిలిండరు విప్పి ముందుకి తోసి, దాని వెనకాల నేను దూరాలి. ఆ సందు మొదట దాటింది నేనూ మీ నాన్నా. మా ఇద్దరికీ అప్పుడు మీసాలు కూడా సరిగ్గా లేవు."

"అప్పుడు నీళ్ళు లేవు కదా!"

"ఇప్పుడు గాలి ఉంటుందనేగా మీ నాన్న లెక్క?"

"పిన్ని ఇందాకట్నుంచీ ఫోన్ చేస్తోంది. నేను ఎత్తలేదు."

"ఎత్తు. ఇద్దరం కలిసి వస్తామని చెప్పు. నా దీపం వెలుగుతోందా చూడు."

"వెలుగుతోంది. బాబాయ్..."

"పక్కకి జరుగమ్మా, ఆలస్యమవుతోంది."

"ఆగు బాబాయ్, వెళ్ళకు! నేను నాన్నకి... ఊటలో..."

"తెలుసమ్మా. నీకంటే ముందే వెళ్ళి చూసొచ్చాను, పచ్చగా మెరిసిపోతోంది ఊట. బయటికి తీసుకొచ్చాక ఆ మాట అన్నయ్యకి నేనే చెప్తాను, అందాకా నువ్వు ఫోన్లో నోరు జారకు."