పంపు నాడి పట్టిన మేస్త్రీ

చెవుల మేస్త్రీ నోరు విప్పాడంటే ఎదుటివాళ్ళ టీ చల్లారాల్సిందే. స్క్రూడ్రైవర్ మొన పంపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని దాని రోగం చెబుతాడని ఆయనకా పేరు. రిటైరై రెండేళ్ళయింది. ఆ మధ్యాహ్నం పంపుహౌస్ ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద ఆయన గొంతు మామూలు కన్నా ఓ మెట్టు పైనే ఉంది. ఎదురుగా కొత్త ఇంజనీరమ్మ కూర్చుంది మరి. మూడో పంపు నిన్నటి నుంచి వణుకుతోంది. దానికి మేస్త్రీని పిలవాలా, మీటర్లు పట్టుకొచ్చే కంపెనీవాళ్ళని పిలవాలా అన్నది సాయంత్రంలోగా ఆవిడ తేల్చాలి. వాళ్ళు ఒక్కసారి గడప తొక్కితే ఇక తనని పిలిచే నాథుడుండడని మేస్త్రీకి తెలుసు. ఇంట్లో కూర్చుని గోడలు చూడడం ఆయన వల్ల కాదు.

"పెద్ద విషయమేం కాదనుకోండి మేడం," అని వినయంగానే మొదలెట్టాడు. "నాలుగేళ్ళ కిందట ఒకటో పంపుకి ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. తలో మాటా అన్నారు. నేను స్క్రూడ్రైవర్ ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బేరింగులో ఎనిమిదో గుండు మీద చీమ తలకాయంత గీత ఉంది, విప్పండన్నాను. విప్పితే అక్కడే ఉంది!"

"గుండ్ల మీద నంబర్లుంటాయా బావా?" అన్నాడు వెల్డరు. మేస్త్రీకి స్వయానా బావమరిది. బావ మాటలకి గాలి కొట్టడం అతనికి సరదా.

"చెవి ఉన్నవాడికి వినిపిస్తాయిరా! అది మొదలు మేడం, నా చెవి నా మాట వినడం మానేసింది. ఇంట్లో గ్లాసుడు మంచినీళ్ళు తాగితే చాలు, ఈ నీళ్ళు వణికే పంపులోంచి వచ్చాయని గొంతులోనే తెలిసిపోయేది. మా ఆవిడ కుళాయి తిప్పితే పంపుహౌస్‌లో ఎవరు ఏ నట్టు వదిలేశారో చెప్పేవాణ్ణి. ఈ సంగతి ఎలా పాకిందో పాకింది, సముద్రం అవతల ఫ్యాక్టరీ నుంచి ఫోను! పంపుకి దగ్గరగా పెట్టండయ్యా అన్నాను. పెట్టారు. షాఫ్టు వెంట్రుకవాసి వంకర, అదీ ఎడమకి, అన్నాను. అవతల చప్పట్లు!"

"వాళ్ళతో ఏ భాషలో మాట్లాడావు బావా?"

"నేను మాట్లాడింది పంపుతో. పంపుకి భాషేమిట్రా?" మేస్త్రీ ఓరగా ఇంజనీరమ్మ వంక చూశాడు. ఆవిడ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఆయన రెచ్చిపోయాడు. "ఆఖరికి ఓడ పంపించారు మేడం, నా కోసం. లోపల తాటిచెట్టంత పంపు. దాని వణుకుకి ఓడే కాదు, కింద సముద్రం కూడా ఊగిపోతోంది. అరచెయ్యి వేసి ఊరుకోవే అన్నాను. పంపు ఊరుకుంది, ఓడ ఊరుకుంది, సముద్రం ఊరుకుంది. అల లేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊపేవాళ్ళు లేక చేపలకి నిద్ర పట్టడం లేదని జాలర్లొచ్చి నా కాళ్ళమీద పడ్డారు. పాపం కదా అని రెండు బోల్టులు వదులు చేసి వచ్చాను. ఇవాళ మీరు చూసే అలలు అవే!"

వెల్డరు బల్ల చరిచాడు. బల్ల చివర టీ తాగుతున్న పంపు ఆపరేటరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"సముద్రం సంగతి నాకు తెలీదు గానీ బాబాయ్, ఆ ఒకటో పంపు రోజున డ్యూటీ నాది. అప్పుడు నడుస్తున్నది రెండోది. ఒకటోది ఆగి ఉంది."

వెల్డరుకి పొలమారింది. "ఆగిన పంపుకి నాడి పట్టావా బావా!"

"రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆ హోరులో ఏది తిరుగుతోందో చెవికి అందదు, షాఫ్టు వంక చూడాలి. బాబాయ్ కళ్ళు మూసుకున్నాడాయె! పూటంతా దాన్ని విప్పాడు. బేరింగు కొత్తదానిలా ఉంది. మళ్ళీ బిగించి వెళ్ళిపోయాడు."

మేస్త్రీ తల వాలిపోయింది. ఆ మాట పడటం కన్నా ఇంజనీరమ్మ ముందు పడటమే ఆయనకి ఎక్కువ సిగ్గనిపించింది. ఆవిడ మాత్రం నవ్వు ఆపేసి అడిగింది.

"మరి ఆగిన పంపు ఎందుకు వణికింది?"

"ఇంటికి పోతూ ఉంటే నాకూ అదే తట్టింది మేడం," అన్నాడు మెల్లగా. "రెండూ ఒకే కాంక్రీటు దిమ్మ మీద ఉన్నాయి. రోగం రెండోదానిది, దిమ్మలోంచి దీనికి అంటింది. మర్నాడు అందరికన్నా ముందొచ్చి చూస్తే రెండోదాన్ని దిమ్మకి పట్టి ఉంచే కాలి బోల్టు ఒకటి ఉత్త చేత్తోనే తిరిగింది. బిగించాను. వణుకు పోయింది. ఎవరికీ చెప్పలేదు."

"ఎందుకని?"

"చెబితే ముందురోజు ఏ పంపు విప్పానో కూడా చెప్పాలి కదండీ."

ఆపరేటరమ్మ నోరు తెరిచింది. "అది నువ్వా బాబాయ్! దానంతటదే తగ్గిందని రిజిస్టరులో రాశాను!"

ఇంజనీరమ్మ లేచి నిలబడింది. "రేపు పొద్దున ఎనిమిదింటికి రండి మేస్త్రీ గారూ. ఏ పంపు నడుస్తోందో ముందు ఈవిడ చూపిస్తుంది. ఆ తర్వాత మీరు చెవి పెట్టండి."