బార్దానా తీసేస్తే

రెండువేల ఇరవై మూడు, చలికాలం మొదట్లో, చార్మినార్ వెనక గల్లీలో ఉన్న బాబూమియా చాయ్ హోటల్లో ఒక సాయంత్రం జరిగిన సంగతి ఇది.

అఫ్జల్‌గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసే వైకుంఠం సేటు రోజూలాగే వచ్చాడు. బెంచీ కిర్రుమనేలా కూర్చుని, "మలాయి జర ఎక్కువెయ్యి మియా" అన్నాడు.

బాబూమియా వెయ్యలేదు. మధ్యాహ్నమే సేటు భార్య విమలాదేవి ఫోన్ చేసి ఏడ్చింది. "అన్నా, మెట్లెక్కుతుంటే నడుమ కూసుంటుండు. గుండె అలిసిపోయింది, బరువు తగ్గకపోతే ఉత్త మందులతోని గాదన్నడు డాక్టర్. రేపు పొద్దుగాల మళ్ల రమ్మన్నడు. ఈయనేమో పోనంటుండు. మీరు చెప్తెనే ఇంటడు."

వింటాడని ఆమె అనుకుంది గానీ, ఇన్నేళ్ల దోస్తీలో వైకుంఠం ఒకరు చెప్పింది విన్నది లేదు. ఆయన చెప్తుంటే అందరూ వినడమే. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తోచక బాబూమియా, "డాక్టర్ ఏమన్నడు భాయ్?" అని మెల్లగా అడిగాడు.

అంతే, కట్ట తెగింది.

"డాక్టరా! నాకు తూకం చెప్తడా? నేను కాంటా పక్కన పుట్టి కాంటా పక్కన పెరిగిన. మొన్న ఒక హమాలీ పనికొచ్చిండు. నెత్తి నుంచి కాళ్ల దాక ఒక్కసారి జూసిన. 'నీ ఎత్తుకు అరవై రెండు కిలోలుండాలె, యాభై ఎనిమిదున్నవ్, పో, నాలుగు కిలోలు తినిరా' అన్న. కాంటా ఎక్కిచ్చినం. ఏమైందో ఎర్కేనా? యాభై ఎనిమిదే!"

"ఎట్ల జెప్పినవ్ సేటూ?" అన్నాడు పక్కన కూర్చున్న ఆటో ప్రకాశం.

"ఎత్తు సెంటీమీటర్లల్ల జూడు, వంద తీసెయ్యి, మిగిలింది కిలోలు. డాక్టర్లు ఏండ్లకేండ్లు చదివేది గిదే. ఆ ముచ్చట గంజ్ మొత్తం పాకింది. పహిల్వాన్లు లైన్ కట్టిన్రు. ఆ తర్వాత కంచన్‌బాగ్ దిక్కు నుంచి రాకెట్లు జేసేటోళ్ల జీపొచ్చింది. 'సేట్ సాబ్, రాకెట్ జర పొడుగైంది, తూకం ఎంతుండాల్నో సమజైతలేదు' అని కాళ్లమీద పడ్డరు. ఒక కన్ను మూసి జూసిన. 'మూతి కాడ పావుకిలో గీకున్రి' అన్న. గీకిన్రు. జుయ్యిమని పోయింది పైకి!"

"మాకు సప్పుడు గూడ రాలే గద?" అన్నాడు గాజుల దుకాణం సాకిబ్.

"తూకం సరిగుంటే సప్పుడెందుకొస్తది బేటా? ఇగ నేను అక్కడ ఆగుతనా? చార్మినార్ కిందికొచ్చి నిలబడ్డ. ఎత్తు కట్టిన, వంద తీసేసిన. తూకం ఎక్కువొస్తుంది. గిదేంది, కట్టినోళ్లు గింత తెల్వనోళ్లా అని పరేషానై పైకి జూస్తే, పావురాలు! గుంపులు గుంపులు కూసున్నయ్. చప్పట్లు కొట్టిన, లేచినయ్, తూకం చెక్కుచెదరకుండ సరిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పున్నమి నాడు మూసీ బ్రిడ్జి మీదికెళ్లి పోతున్న. పైన చంద్రుడు గుమ్మడికాయ లెక్క ఉబ్బి ఉన్నడు. 'ఏందిర నాయనా, నీ ఎత్తేంది, నీ ఒళ్లేంది, జర పరహేజ్ చెయ్యి, తిండి తగ్గియ్యి' అన్న. తెల్లారి నుంచి దినాం జరంత జరంత తగ్గి, అమాసకు కండ్లకే కనపడకుండ పోయిండు!"

"అంతకు ముందు తగ్గకపోతుండెనా?" అన్నాడు సాకిబ్.

"తగ్గుతుండె, గని లెక్క లేకుంట."

ప్రకాశం చాయ్ మింగలేక దగ్గాడు. "చంద్రుడు నయం సేటూ, చెప్తే ఇన్నడు. మరి నీ తూకమెంత?"

"ఎత్తు నూట అరవై ఏడు. వంద తీసేస్తే అరవై ఏడుండాలె. దవాఖాన కాంటా తొంభై ఆరు సూపిచ్చింది. అగో, గాడనే డాక్టర్ తప్పు జేసిండు. బార్దానా తియ్యలే!"

గంజ్‌లో అదొక పద్ధతి. బస్తా తూచాక గోనె బరువును బార్దానా అని తీసేస్తారు. మిగిలిందే సరుకు.

"బొక్కలు, తోలు, అంగీ, లాగు, పొద్దుగాల తిన్న ఉప్మా, గివన్ని బార్దానా. ఇరవై తొమ్మిది కిలోలు. తీసేస్తే నికరం అరవై ఏడు. ఒక్క తులం తేడా లేదు!"

"గోనె సంచి కిలో గూడ ఉండది గద సేటూ?" అన్నాడు సాకిబ్.

"నాది పాత జమానా గోనె. మందం."

హోటలంతా నవ్వింది. బాబూమియా నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పెట్టి, సేటుకు ఎదురుగా కూర్చున్నాడు.

"భాయ్, బార్దానా తూకం ఎట్ల తెలుస్తది?"

"గంత తెల్వదా మియా? సరుకు గుమ్మరిచ్చి, ఖాళీ సంచి కాంటా మీద వెయ్యాలె."

"మరి నీ సంచిల సరుకేంది? పానమే గద. అది గుమ్మరిచ్చిన నాడు, ఆ ఖాళీ బార్దానా మొయ్యనీకె నలుగురు గావాలె. ఒక భుజం నన్నే అడుగుతరు. నేనియ్య భాయ్. ఎవ్వలనన్న సూసుకో. నాతోని గాదు."

పొయ్యి మీద పాలు పొంగి బుస్సుమన్నాయి. లేచి దించేవాళ్లు లేరు.

వైకుంఠం సగం చాయ్ అలాగే వదిలి లేచాడు. గుమ్మం దాకా నడిచేసరికే ఆయాసం వచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. బాబూమియా వైపు చూడకుండానే అన్నాడు: "ప్రకాశం, రేపు పొద్దుగాల ఆటో తీస్కరా. దవాఖానకు పోవాలె."

పోయాడు. డాక్టర్ చెప్పిందంతా నోరెత్తకుండా విన్నాడని తర్వాత విమలాదేవి ఫోన్‌లో చెప్పి, మళ్లీ ఏడ్చింది.

హోటలుకు రావడం మాత్రం మానలేదు. అదే బెంచీ, అదే వేళ. వచ్చి కూర్చుని, గోడ వైపు తిరిగి, "ప్రకాశం, హోటలాయనకు చెప్పు. చక్కెరొద్దు, మలాయొద్దు" అనేవాడు.

బాబూమియా గ్లాసు తెచ్చి ముందు పెట్టి, "ప్రకాశం, సేటుకు చెప్పు. గట్లనే చేసిన" అనేవాడు.

భుజమియ్యనన్న ఆ ఒక్క మాటకు, ఆ చలికాలమంతా వైకుంఠం బాబూమియాతో మాట్లాడలేదు.