ఇంటికొచ్చే సైనికుడు

"భోజనాల బల్ల మీంచి మీ బొమ్మల సైన్యాన్ని తీస్తారా, లేదా?" భార్య మళ్ళీ అడిగింది.

"ఈ ఒక్కడికీ రంగేస్తే అయిపోతుందే. పాతకాలపు యుద్ధాల పుస్తకాలన్నీ తిరగేశాను. అందరూ యుద్ధానికి వెళ్ళేవాళ్ళే, ఇంటికొచ్చేవాడి బొమ్మే లేదు."

"పుస్తకమెందుకు? మీరు ఓడ దిగి సెలవుకి వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాగా. ఇంటికొచ్చేవాడి చొక్కా భుజాల దగ్గర వెలిసిపోయి ఉంటుంది. పిల్లలు గుర్తుపడతారో లేదోనని గడప దగ్గరే నిలబడిపోతాడు."

"మరి ఎదురుచూసే ఆవిడో?"

"ఆవిడ బొమ్మ ఏ పుస్తకంలోనూ ఉండదులెండి."

వేలెడంత సైనికుడి మీద అతని కుంచె ఆగిపోయింది. ఆమె రంగుసీసాలు పక్కకి జరిపి కంచాలు పెట్టింది. అత్తగారూ పిల్లలూ వచ్చి కూర్చున్నాక, అతను తలెత్తకుండానే మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఈ సెలవయ్యాక నేను ఓడెక్కను. ఇక్కడే ఏదో పని చూసుకుంటాను."