గొర్రెలు చెప్పిన నెంబరు

సుంకులమ్మకు నలుగు పాట సగమే వచ్చు. ఆ సగం కాడ్నే ఈ కతంతా మొదలైంది, ఇనండి. వాళ్ళింట్లో ఆడపిల్ల పెండ్లైతే, ముందు దినం పిల్లను పీట మీద కూచోబెట్టి పసుపు, సున్నిపిండి పూస్తా నలుగు పాట పాడాల. మామూలు పాట కాదప్పా, నలభై రెండు చరణాలు. పాట అయిపోయేదాకా పిల్లను పీట మీంచి లేపేది లేదు. సుంకులమ్మ తల్లి ఈరమ్మ బతికినన్నాళ్ళూ ఆయమ్మే పాడేది, ఎవరింట్లో పెండ్లైనా ఆయమ్మనే పిలిచేటోళ్ళు. సుంకులమ్మ ఏం చేసిందంటే, అమ్మ ఉంది కదా అని ఇరవై చరణాలు నేర్చుకోని ఊరకుండిపోయింది. మనమంతా అంతే కదా, అమ్మ ఉన్నంతకాలం ఏదీ పూర్తిగా నేర్చుకోం. ఈరమ్మ పోయి నాలుగేండ్లాయె. ఇప్పుడు సుంకులమ్మ కూతురు హైమకు పెండ్లి కుదిరింది. నలుగు చూస్తే ఎల్లుండి. పాట చూస్తే సగం కాడ ఆగిపోతాండాది.

అయితే ఏమైందంటే, తొమ్మిదేండ్ల కింద రేడియోలో పనిచేసే సారొకాయన వచ్చి ఈరమ్మ పాట మొత్తం రికార్డు చేసుకోని పోయినాడంట. మీకూ ఒకటి పంపిస్తా, ఈమెయిల్ ఉందా అన్నాడంట. మెయిలంటే ఏందో ఈళ్ళకేం తెలుసు? సుంకులమ్మ మండలంలో నెట్ సెంటరుకు పోయి ఒకటి తెరిపించుకోనొచ్చింది. సారు పంపినాడు. ఆడ్నే ఒకసారి విన్నాది, కండ్లు తుడుచుకున్నాది, ఇంటికొచ్చేసింది. పాస్‌వర్డు కాగితం మీద రాయించుకోని, యాడన్నా పోతాదేమోనని ట్రంకుపెట్టె అడుగున దాచిపెట్టింది. పెట్టెకు చెదలు పట్టె. కాగితం తిన్నాయి, పట్టుచీర అంచు తిన్నాయి. రేడియో సారు ఉద్యోగం మానేసి యాడికి పోయినాడో తెలీదు. హైమ సెల్లు పట్టుకోని కూచోని ఏమేమో కొట్టి చూసింది. పాస్‌వర్డు మర్చిపోయినారా అని అడిగిందంట అది. అవునంటే, మీ ఫోనుకు ఆరంకెల నెంబరు పంపిస్తాం, అది కొట్టండి అనింది. ఏ ఫోనుకు? చివర నలభై ఆరు ఉండే ఫోనుకు. ఆ సిమ్ముకు రీచార్జి చెయ్యలేక సుంకులమ్మ ఎప్పుడో పారేసింది.

హైమ తెలివైన పిల్ల. ఆ నెంబరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చూద్దామని ఫోను చేసింది. అవతల మగగొంతు. సుంకులమ్మ అని పేరెత్తిందో లేదో, 'సుంకులమ్మ లేదు, కాశీకి పోయింది' అని పెట్టేసినాడంట. మళ్ళా చేస్తే మళ్ళా అదే మాట. మూడోసారి సుంకులమ్మే ఫోను లాక్కోని, అన్నా, నేనే సుంకులమ్మను, నేను ఏ కాశీకీ పోలేదు, ఈడ్నే ఉండా అనింది. అవతల గొర్రెల అరుపులు ఇనపడినాయి. ఆమీట, 'తల్లీ, నువ్వేనా. ఆరేండ్లుగా నీ ఫోన్లు నేను మోస్తాండా' అన్నాడంట. ఆయప్ప పేరు కరియప్ప. గొర్రెలు తోలుకోని ఊరూరా తిరుగుతా, రైతులు అడిగితే వాళ్ళ చేన్లలో ఎరువుకు మంద కడతాడు. యా చేన్లో ఉన్నా సుంకులమ్మకు ఫోన్లే అనుకో. సుంకులమ్మ చిన్నత్త ఫోను చేసి మోకాళ్ళ నొప్పులు చెప్పుకునేదంట, గాజులాయన చేసేవాడంట, చుట్టాలు పెండ్లిండ్లకు పిలిచేటోళ్ళంట. నేను కాదప్పా అంటే ఒకరూ నమ్మరు. అందుకే విసిగిపోయి ఆయమ్మను కాశీకి పంపేసినాడు. ఒక పెండ్లికైతే సుంకులమ్మ తరపున అని చెప్పి పోయి భోంచేసి, ఆమె పేరు మీద ఇత్తడి చెంబు కూడా చదివించి వచ్చినాడంట. ఓహో, మా పెద్దాడబిడ్డ చెంబు చెంబు అని మూడేండ్లుగా మెచ్చుకుంటాండేది ఇదా అని సుంకులమ్మ నవ్వుకునింది.

మరి ఆ ఆరంకెల నెంబరు నీ ఫోనుకొస్తే చెప్పన్నా అనింది. చెప్పను అన్నాడు. తెల్లారినంక తల్లీ కూతురు ఓళిగలు చేసుకోని, ఆటో పట్టుకోని, కరియప్ప మంద కట్టిన నల్లరేగడి చేనికాడికి పోయినారు. ఓళిగలు తిన్నాడు, బాగుండాయమ్మా అన్నాడు, నెంబరు మాత్రం చెప్పను అన్నాడు. ఏందంటే, ఆయప్ప తమ్ముని ఎవడో ఫోన్లో ఇట్లనే నెంబరడిగి మోసం చేసినాడంట. ఆ కాడ్నుంచి కరియప్ప బీరప్ప సామిని తలుచుకోని ఒట్టు పెట్టుకున్నాడు. ఫోనుకొచ్చిన నెంబరు నోటితో చెప్పడు, ఎవరికీ చూపియ్యడు. చెప్తే మందకు రోగం తగులుతాదని ఆయన భయం. సుంకులమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆ మెయిల్లో నా సొమ్ములేం లేవన్నా, మా అమ్మ గొంతుంది అనింది. కరియప్పకూ కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి, కానీ ఒట్టు ఒట్టే కదా. మంద ఇంకా దొడ్లోనే ఉండాది, తడక తియ్యలేదు, మేతకు ఇడవమని అరుస్తాండాయి. సుంకులమ్మ ఏడుస్తా ఏడుస్తా వాటికల్లా చూసి, కొంగుతో ముక్కు తుడుచుకోని, 'అన్నా, నువ్వు ఒట్టు పెట్టుకున్నావు సరే. నీ గొర్రెలు పెట్టుకున్నాయా?' అనింది.

కరియప్ప ఆలోచన చేసినాడు. లేదు, అవి పెట్టుకోలేదు అన్నాడు. ఇంకేముంది, హైమ సెల్లులో నొక్కింది, కరియప్ప నడుము సంచిలో ఫోను మోగింది. ఆయప్ప అటు తిరిగి చూసుకోని, తడక పక్కకు జరిపి, మూడు గొర్రెల్ని ఇడిచి కట్టె అడ్డం పెట్టినాడు. హైమ మూడు అని కొట్టింది. మళ్ళా ఏడు ఇడిచినాడు. ఏడు. ఆమీట కట్టె తియ్యకుండా దోవకు అడ్డంగా నిలబడి ఆకాశం చూసినాడు. అది సున్నా అనుకో. అట్ల ఆరూ అయినాయి, హైమ కొట్టింది. తప్పు అనిందంట. ఏమప్పా, మేము సరిగ్గానే లెక్కబెట్టినాం కదా అంటే, ఏడింట్లో ఒకటి మేక కదమ్మా అన్నాడు కరియప్ప. మేకను లెక్కబెడతారా ఎవరన్నా? గొర్రెల కాపరికి మంద లెక్క అంటే గొర్రెల లెక్కే, మేక ఊరికే ముందు నడిచేదానికి. సుంకులమ్మకు ఆ సంగతేం తెలుసు, నాలుగు కాళ్ళుంటే లెక్కబెట్టింది. రెండోసారి కొత్త నెంబరు వచ్చింది. పోయిన గొర్రెలు పోయినట్లే శనగ చేన్లో పడె, వాటిని మళ్ళించుకోని వచ్చేలోపల నెంబరుకు గడువు దాటిపోయింది. ఇంకొక్కసారి తప్పైతే మూడు దినాలు తాళమే అని రాసి చూపించిందంట సెల్లు. మూడు దినాలంటే పెండ్లే అయిపోతాది. ఇంక సుంకులమ్మే లేచి, ఉన్న మేకలు నాలుగింటినీ తుమ్మచెట్టుకు కట్టేసి, ఇడిచిన గొర్రెలు పోకుండా చీరకొంగు నడుముకు బిగించి చేతులు చాపి నిలబడింది. ఐదు. రెండు. ఎనిమిది. కరియప్ప కూడా ఒక్కొక్కదాన్నే చూసుకోని ఇడుస్తాండాడు. ఒకటి. నాలుగు. మళ్ళా రెండు.

తెరుచుకునింది. హైమ పాట పెట్టి, గొంతు పెంచి సెల్లును గట్టు మీద పెట్టింది. ఈరమ్మ గొంతు నల్లరేగడి చేనంతా పాకింది. గొర్రెలు కూడా తలెత్తినాయంటారు, అదంతా నాకు తెలీదు, నేను చూడలేదు. ఇరవై చరణాలు సుంకులమ్మ కూడా కలిపి పాడింది. ఇరవై ఒకటో దాని కాడ నోరు ఆగిపోయె. ఆడ ఈరమ్మ కూడా ఆగింది చూడండి. పాట ఆపి, 'సుంకులూ, ఈడ్నించి నీకు రాదు. బుద్ధిగా ఇను' అనింది. తొమ్మిదేండ్ల కింద అన్న మాట అది. సుంకులమ్మ ఏడుస్తా నవ్వింది, నవ్వుతా ఏడ్చింది, బుద్ధిగా ఇనింది. ఆ పగలూ రాత్రీ కూచోని నేర్చుకోని, మర్నాడు నలుగులో నలభై రెండూ పాడినాకే పిల్లను పీట మీంచి లేపింది.

పెండ్లికి కరియప్ప వచ్చినాడు. సుంకులమ్మకు తోడబుట్టినోళ్ళు లేరు కదా, పిల్లను గంపలో కూచోబెట్టి పెండ్లిపీటల కాడికి తెచ్చే మేనమామ పని ఎవరు చెయ్యాల అనుకుంటాంటే, ఆయప్పే గంపకు చెయ్యేసినాడు. ఇంకో మాట చెప్పడం మర్చిపోయినా. ఆ దినం చేన్లోనే హైమ, అమ్మా, పాత నెంబరు తీసేసి నీ కొత్త నెంబరు పెడతా అనిందంట. సుంకులమ్మ ఒప్పుకోలేదు. 'నా నెంబరు ఏటికొకటి మారతాది. మా అన్నది ఉండనీ' అనింది. ఇప్పటికీ ఆమె ఫోన్లు ఆయనకే పోతాండాయి, ఆయన మాత్రం ఇప్పుడు కాశీకి పోయిందని చెప్పడంలేదు, ఉండప్పా మా చెల్లెలికి చెప్తా అంటాడు. మీరు మాత్రం ఫోనుకొచ్చిన నెంబర్లు ఎవరికీ చెప్పొద్దండి నాయనా, దినాలు బాగలేవు. చెప్పక తప్పదంటారా, ముందు మేకల్ని కట్టేసుకోండి.