రెండో ఈల

ఉదయం పదిన్నరకు మార్కెట్ వెనక సందులో కారు ఆగిపోయింది. కొని వారమైంది. స్టీరింగ్ దగ్గర రిటైరైన బస్సు డ్రైవరు. పక్క సీట్లో, ఆయన బస్సులోనే రిటైరయ్యేదాకా టికెట్లు కొట్టిన కండక్టరు.

“గేర్ బాక్సు పోయింది కండక్టరూ. అంటగట్టాడు వెధవ.”

“అమ్మినవాణ్ణి అనకు. ఇందాక రాయి ఎక్కించావు. కింద టంగుమంది.”

“ఏ రాయి?”

“సందు మొదట్లో. సున్నం కొట్టి మరీ పెట్టారు.”

“పాత బండి. రాయి లేకపోయినా పోయేది.”

“ఏదీ, ఫస్టు వెయ్యి.”

“పడట్లేదు. సెకండూ అంతే. రివర్స్ ఒక్కటే పడుతోంది.”

“మీ అబ్బాయికి ఫోన్ చేస్తానుండు.”

“చేశావంటే ఊరుకోను. వాడికి తెలిస్తే కోడలికి తెలిసినట్టే. రేపట్నుంచి మనవరాల్ని నేనే బడికి దింపుతానంటే ఇన్నాళ్ళకి ఒప్పుకుంది. సందు మొదట్లో మెకానిక్ షెడ్డుందన్నావుగా? అక్కడిదాకా రివర్స్‌లోనే పోదాం. దిగి వెనక్కెళ్ళు. ఈల ఉందా?”

“మా ఇంటి తాళాల గుత్తికే ఉంది.”

“ఒకటి ఊదితే ఆగుతా, రెండు ఊదితే కదుల్తా. గుర్తుందా?”

“నాకు చెప్తావేంటయ్యా! ఇదిగో, రెండు ఊదాను. రానీ, రానీ... కుడికి... కుడికి... ఆపు! ఆపు, గోడ!”

“కుడికే తిప్పానుగా.”

“అప్పటికే గోడ దగ్గరికొచ్చావు. ఇంతసేపు కుడికి చెయ్యి ఊపుతుంటే ఏం చేస్తున్నావు?”

“చేతులెందుకు? నోటితో చెప్పు.”

“అద్దంలో నేను కనబడట్లేదా?”

“అద్దం మురికిగా ఉంది.”

“పొద్దున నేనే తుడిచాను. ఎన్ని వేళ్ళు చూపిస్తున్నాను?”

“నడిరోడ్డు మీద లెక్కలేంటయ్యా?”

“చెప్పు.”

“మూడు.”

“నేను చెయ్యే ఎత్తలేదు డ్రైవరూ.”

“...మసక. ముందు కాస్త నయం. పక్కలు అసలు కనబడవు.”

“ఎప్పట్నుంచి?”

“కారు కొనకముందు నుంచి. డాక్టరు బండి ముట్టుకోవద్దన్నాడు.”

“తెలిసే కొన్నావా!”

“నువ్వు పక్కన కూర్చుంటానన్నాక కొన్నాను. వారమంతా బాగానే నడిచిందిగా. ఎడమ ఖాళీ, ముందు గుంత, లారీ ఆగింది... అన్నీ చెప్తూనే ఉన్నావు.”

“అది పాత అలవాటయ్యా. టికెట్లు కొడుతూ కూడా వాగేవాణ్ణి. నువ్వు దాన్ని పట్టుకుని నడుపుతున్నావని నాకేం తెలుసు?”

“రాయి దగ్గర మాత్రం చెప్పలేదు.”

“మా ఆవిడ ఫోన్ చేసింది.”

“అదే మరి. రేపు ఫోన్ ఇంట్లో పెట్టి రా.”

“రేపా?”

“పాప వెనక కూర్చుంటుంది. నువ్వు మామూలుగా నా పక్కనే.”

“పాపనా డ్రైవరూ!”

“సరే, ఆ సంగతి తర్వాత. ముందు షెడ్డు. ఊదు.”

“ఊదాను.”

“ఒకటే వినబడింది.”

“ఒకటే ఊదాను.”